గృహస్థునకు ఎంత ఇల్లు వలయును?

శ్రీమతే రామానుజాయ నమః

గృహస్థాశ్రమము తక్కిన మూడు ఆశ్రమములకు ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారికి భిక్షయు, యతికి ఆదరమును, బాటసారికి ఒక పూట నీడయు గృహస్థుని గడపయందే లభించును. గడప యుండవలెనన్న ఇల్లుండవలెను. ఇది అందరికిని తెలిసినదే. కాని ఎంత ఇల్లుండవలెను? పిల్లలు పెరిగి తమ తమ జీవనములకై దూరదేశములకు పోయిన పిమ్మట, వృద్ధ దంపతులిద్దరే మిగిలిన పెద్ద లోగిలిని పట్టుకొని యుండవలెనా, లేక దానిని విడిచి రెండు గదుల ఇంటికి చేరవలెనా?

నేడు మన కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్న లేని ఊరు లేదు. గుడివాడ ప్రాంతమున చూడుడు, బందరు ప్రాంతమున చూడుడు, దివిసీమలో చూడుడు. కుమారుడు హైదరాబాదులో, కుమార్తె అమెరికాలో. ఊరిలో పెద్ద ఇల్లు, అందులో సగము గదులకు తాళములు. నాకును ఈ ప్రశ్న ఎదురైనది. ముప్పది సంవత్సరములు పిల్లలకు సంస్కృతము బోధించినవాడను. ఇతరులకు మమకారత్యాగమును గూర్చి ఎన్నియో ప్రవచనములు చెప్పినవాడను. అట్టి నేను నా ఇంటి విషయమున ఎట్లు తడబడితినో దాపరికము లేక విన్నవించుచున్నాను. నా తడబాటు ఒక్కరికైన ఉపకరించినచో ధన్యుడను.

మాది పామర్రు. బెజవాడనుండి బందరునకు పోవు రహదారియు, గుడివాడనుండి వచ్చి చల్లపల్లి మీదుగా దివిసీమకు దిగు దారియు కలియు కూడలి అది. మా తాతగారు కట్టించిన మండువా లోగిలి అందులో ఉండెడిది. నాలుగు వైపుల వసారాలు, నడుమ మండువా, పడమట ధాన్యపు కొట్టు, వెనుక విశాలమైన పెరడు, నుయ్యి. దేవతార్చనకు ప్రత్యేకమైన గది. పెండ్లిండ్లు, ఒడుగులు, తద్దినములు అన్నియు అక్కడనే జరిగినవి.

ఆ ఇంటిని గూర్చి నాకు ఒక గొప్ప జ్ఞాపకము కలదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనను ఈ ప్రాంతమువారు మరువజాలరు. సముద్రము దివిసీమపై విరుచుకుపడినది. దాదాపు పదివేల ప్రాణములు పోయినవి. అప్పటికి నాకు పదునారేండ్లు. పాఠశాలకు సెలవిచ్చి పంపగా ఇంటికి వచ్చితిని. వచ్చి చూచునప్పటికి కట్టుబట్టలతో మిగిలిన కుటుంబములు కొన్ని, దిగువనుండి నడచి వచ్చి మా వసారాలలో తలదాచుకొని యున్నవి. ఎవరు ఏ కులమువారని మా తాతగారు అడుగలేదు. కొట్టు తెరపించి ధాన్యము దంపించినారు. మా నాయనమ్మ పెద్ద గంగాళములో అన్నము వండి వార్చుచుండెను. ఒకనాటి రాత్రి తాతగారు అరుగుమీద కూర్చుండి నాతో, "ఇంత ఇల్లెందుకు కట్టానా అని అప్పుడప్పుడు అనుకునేవాణ్ణిరా. ఇందుకని ఇప్పుడు తెలిసింది" అన్నారు.

ఆ మాట నాలో నాటుకొని పోయినది. ఆ తరువాత నలువది యేండ్లకు పైగా ఎవరైన "ఇంత ఇల్లు మీకెందుకు?" అని అడిగినచో ఈ కథ చెప్పి నోరు మూయించుచుంటిని.

మూడేండ్ల క్రిందట ఒక సాయంకాలము నేను పొరుగూరికి ప్రవచనమునకు పోయితిని. మా సహధర్మచారిణి సంధ్యాదీపము పెట్టుటకై నూతినుండి నీరు తెచ్చుచు మండువా మెట్టుపై జారిపడినది. తుంటి బెణికి లేవలేకపోయినది. కేక వేసినను అంత ఇంటిలోనుండి ఆ కేక వీధివరకు రాలేదు. నేను తిరిగివచ్చు వరకు ఆమె ఆ చీకటిలోనే పడియున్నది. నేను లాంతరు పట్టుకొని వెదుకుచు పోగా ఆమె పలికిన మొదటి మాట తన నొప్పిని గూర్చి కాదు. "పెరుమాళ్ళకి దీపం పెట్టలేదండీ" అన్నది.

కొన్ని వారములకు ఆమె కోలుకొన్నది. ఒకనాడు తిరువారాధన ముగించి తీర్థము పుచ్చుకొనుచుండగా అడిగినది: "ఏమండీ, పెరుమాళ్ళకి ఎన్ని గదులు కావాలంటారు?"

నాకు కోపము వచ్చినది. ఆమె ఏమి అడుగబోవుచున్నదో తెలిసినందున వచ్చిన కోపమది. వెంటనే ఉప్పెన కథ ఎత్తుకొంటిని. ఆమె ఓర్పుతో విన్నది. విని, "నిజమే. తాతగారి రోజుల్లో ఆ వసారాలో జనం పడుకున్నారు. ఇప్పుడెవరు పడుకుంటున్నారు? గబ్బిలాలేగా. మనింటికి అతిథి వచ్చి ఎన్నాళ్ళయిందో మీరే చెప్పండి" అన్నది.

చెప్పలేకపోయితిని. వీధి తలుపు తట్టినచో మేము ఉండు వెనుక గదికి వినబడదు. తట్టినవారు ఎవరును లేరనుకొని మరలిపోవుదురు. అనగా, తాతగారి ఔదార్యమును నేను కథగా దాచుకొని, ఆయన ఇంటిని తాళము వేసి ఉంచితిని. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

ఈ విషయమున మన పూర్వాచార్యుల చరిత్రలు ఏమి బోధించుచున్నవో క్రమముగా పరిశీలింతము.

తిరుక్కోవలూరు దివ్యదేశమున జరిగిన కథ శ్రీవైష్ణవులందరికి పరిచితమైనదే. చీకటి రాత్రి, కుంభవృష్టి. పొయ్‌గై యాళ్వారులు ఒక ఇంటి దేహళిని, అనగా వాకిలి నడవను, ఆశ్రయించి శయనించినారు. అంతలో పూదత్తాళ్వారులు వచ్చి చోటడిగినారు. ఒకరు పడుకొనిన చోట ఇద్దరు కూర్చుండవచ్చునని వారు లేచి కూర్చుండినారు. పిమ్మట పేయాళ్వారులు వచ్చినారు. ఇద్దరు కూర్చుండిన చోట మువ్వురు నిలువవచ్చునని అందరును నిలిచినారు. అప్పుడు నాలుగవవాడొకడు నడుమ జొరబడి ఒత్తుచున్నట్లు తోచినది. ఆ నాలుగవవాడు శ్రీమన్నారాయణుడే. వారు వెలిగించిన స్తుతిదీపముల వెలుగున ఆయన దర్శనమిచ్చినాడు.

ఆ క్షేత్రమున వేంచేసియున్న స్వామి త్రివిక్రముడని గుర్తుంచుకొనవలెను. రెండడుగులతో లోకములనెల్ల కొలిచి, మూడవ అడుగునకు చోటు చాలదన్న స్వామి ఆయన. అట్టివానికి మువ్వురు భాగవతులు ఒకరికొకరు చోటిచ్చుకొనిన ఇరుకు నడవ చాలినది. ఆ ఒరిపిడిలోనికి తానై వచ్చినాడు. కావున స్వామికి కావలసినది నేల వైశాల్యము కాదు. రెండవవాడు వచ్చినపుడు మొదటివాడు లేచి కూర్చుండుట. ఇది ఈ కథయొక్క సారము.

అట్లని పెద్ద ఇల్లు దోషమని తలచరాదు. కూరత్తాళ్వారుల గృహమును స్మరింతము. కాంచీపురమునకు సమీపముననున్న కూరమున వారు మహాధనికులు. పగలంతయు అన్నదానము జరిగి, రాత్రి వారి ఇంటి మహాద్వారములు మూసినపుడు ఆ ధ్వని కంచిలోని సన్నిధివరకు వినవచ్చెడిదని గురుపరంపర చెప్పుచున్నది. ఆ ధ్వని తమ ఐశ్వర్యమును చాటుచున్నదని తెలిసిన క్షణమున వారికి సిగ్గు కలిగినది. సర్వమును దానము చేసి, దేవేరి ఆండాళమ్మతో శ్రీరంగమునకు, ఉడయవరుల సన్నిధికి, కాలినడకన బయలుదేరినారు. అడవిలో ఆమె "ఇచ్చట భయమేమైన కలదా?" అని అడిగినది. "చేత ఏమైన ఉన్నచో గదా భయము" అన్నారు వారు. భర్త తీర్థము పుచ్చుకొనుటకై ఆమె ఒక బంగారు గిన్నె వెంట తెచ్చినది. దానిని తీసికొని పొదలలోనికి విసరివైచినారు. పిమ్మట శ్రీరంగమున ఉంఛవృత్తితో జీవించినారు.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. అన్నదానము జరుగుచున్నంతకాలము ఆ పెద్ద ఇల్లు వారికి బంధము కాలేదు. దాని తలుపుల చప్పుడు తమ పేరు పలుకునపుడు మాత్రమే భారమైనది. మరియొకటి: విడువవలసినది పెద్దదా, చిన్నదా అనునది ప్రశ్న కాదు. అంత ఐశ్వర్యమును విడిచిన పిదప కూడ ఒక్క గిన్నె భయమును మోసికొని వచ్చినది. ఇల్లు మారినవాడు ఆ గిన్నెను తన మూటలో వెదుకుకొనవలెను.

శ్రీభాగవతము ఏకాదశ స్కంధమున అవధూత తన గురువులలో పామును, పావురమును చెప్పినాడు. పాము తనకై ఇల్లు కట్టుకొనక ఒరులు చేసిన పుట్టలో వసించును. ఇది యతికి పాఠము. గూటిపై, పిల్లలపై మితిమీరిన మమకారముతో తానే వలలో చిక్కిన పావురము గృహస్థునకు పాఠము. పాము పాఠమును గృహస్థుడు ఎత్తుకొని, భార్యకు నీడ లేకుండ చేసి వైరాగ్యమనరాదు. పావురము పాఠమును మరచి, పిల్లలు ఎగిరిపోయిన గూటిని పట్టుకొని యుండనురాదు.

ఈ కాలమున చిన్న ఇంటికి మారువారిలో మరియొక దోషము కనబడుచున్నది. "ఇల్లు చిన్నదైతే చుట్టాలు రారు, తద్దినాలకు పదిమందిని పిలవనక్కరలేదు" అని సంతసించువారు కలరు. ఇది వైరాగ్యము కాదు, లోభము. పెద్ద ఇంటిని కీర్తికై నిలుపుకొనుటయు, చిన్న ఇంటిని తప్పించుకొనుటకై వెదుకుటయు ఒకే వ్యాధికి రెండు రూపములు. ఏ ఇంట కైంకర్యము చక్కగా సాగునో అది మనకు తగిన ఇల్లు. కొలబద్ద ఇంతే.

మన ప్రాంతమునకు సమీపమున కృష్ణాతీరమున శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు వేంచేసియున్నాడు. శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి ఆముక్తమాల్యదను రచింప నాజ్ఞాపించిన స్వామి ఆయనయే. ఆ కావ్యమున విష్ణుచిత్తుల అతిథిసేవ వర్ణింపబడినది. జడివాన దినములలో గృహిణి కన్నులకు పొగ సోకకుండ కొబ్బరిచిప్పల నిప్పుపై వంట చేయించి వారు అతిథులను తృప్తిపరచినారట. చదివినవారికి ఆ ఇంటి విస్తీర్ణము గుర్తుండదు. ఆ వేడి అన్నమును, వండు ఇల్లాలి కన్నులను గూర్చిన ఆ శ్రద్ధయు గుర్తుండును. ఇది తెలుగు గృహస్థులు ప్రత్యేకముగ గమనింపవలసిన సంగతి. అతిథిపూజ యని మనము చెప్పుకొను పుణ్యమంతయు ఆమె నడుము విరిచి సంపాదించినదైనచో అది ఎవరి పుణ్యము? నా ఇంటి నాలుగు వసారాలను ఊడ్చినది నేను కాదు.

భగవద్రామానుజులు అవతారసమాప్తి కాలమున శిష్యులకు చేసిన ఉపదేశమున శ్రీభాష్య పఠనమును, దివ్యప్రబంధ పఠనమును, దివ్యదేశ కైంకర్యమును చెప్పి, అవి శక్యము కానివారు తిరునారాయణపురమున ఒక కుటీరము కట్టుకొని వసించినను చాలునని సెలవిచ్చినారు. శక్తి తగ్గినవారికి ఆచార్యులు చూపిన మార్గములలో ఒక చిన్న కుటీరము కూడ ఉన్నదన్నమాట. అందుచేత వార్ధక్యమున ఇల్లు చిన్నదగుట అవమానమని ఎవరును కుంగనక్కరలేదు.

ఇక నిర్ణయము చేసికొనువారు విచారింపవలసిన విషయములు కొన్ని విన్నవించెదను.

మొదటిది, ఆరాధన. సాలగ్రామ మూర్తికి ప్రతిష్ఠ అక్కరలేదు. భగవంతుడు అందు స్వయముగనే సన్నిహితుడు. కావున ఇల్లు మారినంతమాత్రమున స్వామికి స్థానభ్రంశము కలుగదు. అరచేత ఇమిడి వచ్చును. కాని నిత్యారాధన తప్పరాదు. ఏ ఇంట ఓపికతో దీపము, తులసి, తళిగ జరుగునో అచ్చటికి చేరవలెను.

రెండవది, తోబుట్టువులు. పిత్రార్జితమైన ఇంటిని "నాది" అని ఒక్కడే విక్రయింపరాదు. 2005లో వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు నిచ్చినది. చట్టము చెప్పకున్నను ధర్మమదియే. నాకు ఇద్దరు చెల్లెండ్రు. ఇంటి మాట ఎత్తుటకు వారి వద్దకు పోవుటకే నాకు ఆరు నెలలు పట్టినది. పెద్ద చెల్లెలు, "అన్నయ్యా, నువ్వు అడిగావు, అదే చాలు" అని కంట తడి పెట్టినది. అయినను వారి భాగములు వారికి ముట్టజెప్పితిని. అడుగుటయే చాలునని వారనవచ్చును; మనము అనుకొనరాదు.

మూడవది, సహధర్మచారిణి. భర్త పోయిన పిదప ఆమెకు తలదాచుకొన ఒక పైకప్పు తనదిగా ఉండవలెను. వాత్సల్యముతో సర్వమును పిల్లల పేర వ్రాసి, పిమ్మట వారి గడపలో సంకోచముతో నిలిచిన తల్లులను ఎందరినో చూచితిని. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము వచ్చినది. ఆస్తి ఇచ్చు పత్రమున పోషణ నిబంధనను స్పష్టముగ వ్రాసికొనినచో, అది తప్పినపుడు ఆ బదిలీని రద్దు చేయించుకొను మార్గమున్నది. పిల్లలను శంకింపుమని కాదు. తల్లి నీడను వారి దయకు మాత్రమే వదలవలదని.

నాలుగవది, వస్తువులు. గంగాళములు, గుండిగలు, తిరుగళ్లు, మంచములు, గ్రంథములు: ఇవి అమ్మి సొమ్ము చేసికొనదగినవా, పని చేయు చోటికి పంపదగినవా యని చూడవలెను. ఉప్పెననాడు అన్నము వండిన మా గంగాళమును కోవెల వంటశాలకు సమర్పించితిమి. మా యింట ఇరువదియేండ్లుగా బోర్లించియున్న ఆ పాత్రలో ఇప్పుడు ధనుర్మాసమున పొంగలి వండుచున్నారు. అది చూచిన నాడు నాకు ఇల్లు విడిచిన బాధ సగము తీరినది.

ఐదవది, ఇరుగుపొరుగు. పిలిచినచో పలుకువారుండు చోట ఇల్లు వెదుకవలెను. చీకటిలో పడియున్న మనిషి కేక వినబడని ఇల్లు ఎంత పెద్దదైనను అరణ్యముతో సమానము.

ఇవన్నియు విచారించి, గత సంవత్సరము వైశాఖమున మా ఊరిలోనే, కోవెల వీధిలో, రెండు గదులు, ఒక వంటయిల్లు, సన్నని నడవ గల ఇంటిని ఆమె పేర కొని మారితిమి. సాలగ్రామ పేటికను నేను శిరస్సున ధరించితిని. ఆమె తులసికుండను పట్టుకొన్నది. పాత ఇంటి గడప దాటునపుడు నేను దుఃఖింపలేదని చెప్పినచో అసత్యమగును. తాతగారి అరుగును చేతితో తడిమి వచ్చితిని. నేటికిని ఆ దారిని పోవలసివచ్చినచో చుట్టు తిరిగి పోవుదును. కూరత్తాళ్వారుల వైరాగ్యము నాకు అబ్బలేదు.

ఆషాఢమున ఒక రాత్రి పెద్ద వాన కురిసినది. శ్రీకాకుళమున స్వామిని సేవించి తిరిగి పోవుచున్న వృద్ధ దంపతులు కూడలిలో చివరి బస్సు తప్పి, కోవెల పంచన తడియుచు నిలిచినారు. అర్చకస్వామి వారిని వెంటబెట్టుకొని వచ్చి మా తలుపు తట్టినారు. మొదటి తట్టునకే వినబడినది. తలుపు తీసి, నేను వెనుదిరిగి లోపలి చోటును చూచితిని. ఎక్కడ పడుకొనబెట్టుట? ఏమి చెప్పి పంపుట? ఇట్లు నేను సంశయించుచుండగనే మా సహధర్మచారిణి, "లోపలికి రండమ్మా, తడిసిపోయారు. ఏమండీ, పొడి తువ్వాళ్ళు అందుకోండి" అన్నది. ఆడవారిద్దరు ఒక గదిలోను, ఆ పెద్దాయన మరియొక గదిలోను పడుకొన్నారు. నేను నడవలో చాప వేసికొంటిని. కాళ్లు చాచినచో తలుపునకు తగులుచుండెను. అటు తిరిగి, ఇటు తిరిగి, తిరుక్కోవలూరును తలచుకొనుచు నిదురపోయితిని.

ఉదయము తీర్థప్రసాదములు స్వీకరించి వెళ్లుచు ఆ పెద్దాయన, "మీకు చాలా ఇబ్బంది కలిగించాం" అన్నారు. పెద్ద లోగిలిలో గడచిన పది సంవత్సరములలో ఈ మాట నాతో చెప్పినవారు ఒక్కరును లేరు. ఇబ్బంది పెట్టుటకు వచ్చినవారే లేరు గనుక.

భాగవతోత్తములారా! పెద్ద ఇల్లు గలవారు దానిని విడిచిపెట్టుడని నేను చెప్పుట లేదు. ఓపికయు, జనమును, అన్నమును ఉన్నచో తలుపులు తెరచి ఉంచుడు. మా తాతగారివలె ఒకనాడు దాని ప్రయోజనమును కన్నులార చూతురు. ఓపిక తరిగినచో సిగ్గుపడక చిన్న ఇంటికి రండు. ఎక్కడ ఉన్నను సంధ్యవేళ దీపము వెలుగవలెను, వాకిట తట్టిన చప్పుడు లోపలికి వినబడవలెను. రెండవవాడు వచ్చినపుడు మనము లేచి కూర్చుండగలిగినచో, నాలుగవవాడు తానై వేంచేయును.

ఆ దేహళీశుడు మన గృహములన్నిటను చోటు చేసికొని మనలను అనుగ్రహించుగాక!

జై శ్రీమన్నారాయణ!